ఎండోస్కోపీ మధ్యలో తేడా వస్తే: స్కోప్ తీయాలా, ఉంచాలా?

ఏదైనా తేడా కనిపించగానే చెయ్యి స్కోప్ (లోపలికి పంపిన కెమెరా గొట్టం) లాగేయడానికే పోతుంది. ఊపిరి సమస్యకి అది సరైనదే. రక్తం కారుతున్నప్పుడు, పేగుకి చిల్లు పడ్డప్పుడు మాత్రం అదే పెద్ద తప్పు.

ఆక్సిజన్ 90 శాతం కిందికి దిగింది

వేలి ప్రోబ్ జారిందేమో చూడండి, కానీ ముందు ఛాతీ కదులుతోందా చూడండి. చాలాసార్లు కారణం మత్తుమందే: ఊపిరి మందగించడమో, నాలుక వెనక్కి పడి దారి మూయడమో. మందు ఆపి, పేషెంటును పిలిచి తట్టండి. దవడ ముందుకు ఎత్తి, నోట్లో, గొంతులో చేరిన ద్రవాన్ని సక్షన్ చేసి, ఆక్సిజన్ పెంచండి. తేరుకోకపోతే స్కోప్ తీసేసి అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) అందుకోండి.

మత్తుమందు మిడజోలంకు విరుగుడు ఫ్లుమజెనిల్ 0.2 మి.గ్రా. ఐవీ (రోజూ నిద్రమాత్రలు వాడేవారిలో ఫిట్స్ రావచ్చు, జాగ్రత్త). నొప్పి తగ్గించే ఫెంటానిల్‌కు నాలోక్సోన్. మరో మత్తుమందు ప్రొపోఫాల్‌కు విరుగుడే లేదు, మత్తు దిగేదాకా ఊపిరి అందించాల్సిందే. ఫ్లుమజెనిల్ పని మిడజోలం కంటే ముందే అయిపోతుంది. లేచి కూర్చున్నారు కదా అని వార్డుకు పంపేస్తే అక్కడ మళ్లీ మత్తులోకి జారుతారు. ఇంకో మాట, ఊపిరి ఆగిన సంగతి ఆక్సిమీటర్ కంటే కాప్నోగ్రఫీ (వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే మానిటర్) ముందే చెప్తుంది.

కొలనోస్కోపీలో (పెద్దపేగు పరీక్షలో) పల్స్ పడిపోయింది

స్కోప్ లూప్ పడి పేగును లాగుతోంది, గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నరం స్పందిస్తోంది. తోయడం ఆపండి, లూప్ విప్పండి, పేగులో నింపిన గాలి లాగేయండి. అప్పటికీ పెరగకపోతే పల్స్ పెంచే మందు అట్రోపిన్.

పాలిప్ (పేగు లోపలి గోడపై పెరిగిన కండ) కోయగానే రక్తం చిమ్మింది

స్కోప్ కదపకండి. నీటితో కడిగి రక్తం ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోండి. కాడ మిగిలి ఉంటే దాన్ని కోసిన తీగ ఉచ్చు స్నేర్‌తోనే మళ్లీ బిగించి 5 నిమిషాలు ఆగండి, గాయాన్ని బిగించి మూసే క్లిప్ సిద్ధం చేసుకునే టైమ్ దొరుకుతుంది. 1:10,000 అడ్రినలిన్ ఇంజెక్షన్ తాత్కాలికమే, దాని తర్వాత క్లిప్పో, హీటో (వేడితో కాల్చి రక్తం ఆపడం) తప్పదు. టెన్షన్‌లో, ఏమీ కనిపించని రక్తపు మడుగులో కాల్చడం మొదలుపెడితే తర్వాతి సమస్య, అంటే పేగుకి చిల్లు, కొనితెచ్చుకున్నట్టే.

కోసిన ముక్క అడుగున తెల్లటి చుక్క, చుట్టూ వలయం

పేగు గోడలోని కండరం కూడా తెగి చిల్లు పడిందని అర్థం. పేగులోకి పంపే మామూలు గాలి ఆపి కార్బన్ డయాక్సైడ్‌కు మార్చండి, అదీ తక్కువగా. చిల్లు పైవైపు ఉండేలా పేషెంటును తిప్పితే లోపలి ద్రవం బయటికి కారదు. చిన్నదైతే అక్కడికక్కడే క్లిప్పులతో మూసి, యాంటీబయాటిక్ మొదలుపెట్టి, సర్జన్‌ను పిలవండి, సీటీ తీయండి. పొట్ట రాయిలా బిగిసి, బీపీ పడిపోతుంటే సీటీ కోసం ఆగొద్దు. పొట్టలోకి సూది గుచ్చి పేగు బయట చేరిన గాలి వదలాలి.

మర్నాడు జ్వరం, ఒకేచోట పొట్టనొప్పి

సీటీలో పేగు బయట గాలి లేకపోతే అది పాలిపెక్టమీలో (పాలిప్ కోసి తీసినప్పుడు) పేగు గోడకు తగిలిన కాలిన గాయం ప్రభావం. నోటికి ఏమీ ఇవ్వకుండా సెలైన్, యాంటీబయాటిక్‌తో కనిపెట్టుకుని ఉంటే సాధారణంగా తగ్గిపోతుంది, ఆపరేషన్ అక్కర్లేదు.