స్కూలు టూరుకు బయలుదేరే ముందు టీచర్లు చూసుకోవాల్సినవి

• బస్సు పర్మిట్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ తేదీలు మీరే చూసి ఫోటో తీసుకోండి. రాష్ట్రం దాటితే పర్మిట్ అక్కడ చెల్లాలి. తెల్ల ప్లేటు సొంత బండిని కిరాయికి మాట్లాడొద్దు; ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ పేచీ పెడుతుంది.

• బస్సు పాలసీ బస్సు ప్రమాదానికే. పిల్లాడు చెరువులో మునిగినా, కొండ మీంచి జారినా పనికిరాదు. అందుకే పిల్లలతోపాటు టీచర్ల పేర్లూ చేర్చి, ప్రయాణ తేదీలకు గ్రూప్ ప్రమాద బీమా తీసుకోవాలి. మినహాయింపుల పేజీ తప్పక చదవండి. ట్రెక్కింగ్, రాఫ్టింగ్ తరచూ అక్కడే ఉంటాయి.

• తల్లిదండ్రుల సంతకం అనుమతి మాత్రమే. "ఏం జరిగినా మాకు సంబంధం లేదు" అని రాయించుకున్నా అది మిమ్మల్ని కాపాడదు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద ఐదేళ్ల వరకు జైలు.

• హెచ్‌ఎం నుంచి డ్యూటీ ఉత్తర్వు రాతపూర్వకంగా తీసుకోండి.

• అసలు భయం నీళ్ల దగ్గరే. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని లార్జీ డ్యామ్ నీళ్లు వదలడంతో బియాస్ నదిలో 24 మంది హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. పరిహారంలో కాలేజీ కూడా వాటా కట్టాలని హైకోర్టు చెప్పింది. ప్రోగ్రాంలో లేని చోట, పిల్లలు ఎంత బతిమాలినా, బస్సు ఆపించొద్దు.