గదిలోని తేమ ఎక్కడిదో తేల్చుకోవడం: మట్టి కుండీలు, హైడ్రోపోనిక్ తొట్టెలు

ఇంట్లో దీపాల కింద ఆకుకూరలు పెంచాలనుకునేవారిలో చాలామంది, హైడ్రోపోనిక్ తొట్టెలో (మట్టి లేకుండా, పోషకాలు కలిపిన నీటిలో మొక్కలు పెంచే తొట్టె) ఎప్పుడూ నీరు నిలిచి ఉంటుంది కనుక గదిలో తేమ పెరిగిపోతుందనీ, మట్టి కుండీలకైతే ఆ బెడద లేదనీ భావిస్తారు. మూత సరిగా ఉన్న తొట్టె విషయంలో ఇది నిజం కాదు. గాలికి తగిలే తడి ఉపరితలాన్ని బట్టి నీరు ఆవిరవుతుంది. తొట్టెలో ఇరవై లీటర్లున్నా, పైన థర్మకోల్ పలక కప్పి రంధ్రాల్లో నెట్ పాట్లు (మొక్కను నిలిపే చిన్న జల్లెడ కుండీలు) బిగుతుగా అమర్చితే ఆవిరికి దారి దాదాపు ఉండదు. మట్టి కుండీలో మాత్రం నీరు పోసిన ప్రతిసారీ పైపొర అంతా తడిసి, అది ఎండేవరకు ఆవిరిని విడుస్తూనే ఉంటుంది. కాల్చిన మట్టి కుండీ అయితే పక్క గోడల నుంచి కూడా నీరు ఆవిరవుతుంది. చలివేంద్రం కుండలో నీరు చల్లబడేది ఈ కారణంగానే.

రెండు పద్ధతుల్లోనూ ఉండేది ఆకుల బాష్పోత్సేకం, అంటే ఆకులు నీటిని ఆవిరిగా వదలడం. వేర్లు పీల్చుకున్న నీటిలో 95 శాతానికి పైగా ఆకుల నుంచి గాలిలోకే పోతుంది కాబట్టి, మొక్కలు గుబురుగా ఎదిగాక గదిలోని తేమలో అధిక భాగం వాటిదే అవుతుంది. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలోని గాలి 25 డిగ్రీల వద్ద పట్టుకోగలిగిన నీటి ఆవిరి సుమారు 650 గ్రాములు మాత్రమే. అంటే, గాలి మారని మూసిన గదిలో మొక్కలు ఒక లీటరు నీటిని వదిలితే గోడలు చెమర్చక తప్పదు.

పరికరాలు కొనే ముందు కొలతలు తీసుకోవాలి. తేమను కొలిచే హైగ్రోమీటరును, కొద్ది నీటితో ముద్దగా చేసిన ఉప్పు ఉన్న చిన్న గిన్నెతో కలిపి గాలి చొరబడని డబ్బాలో ఒక రాత్రంతా ఉంచండి. అది 75 శాతం చూపాలి. తేడా ఎంతుందో రాసి పెట్టుకుని, తర్వాతి కొలతలను ఆ మేరకు సవరించుకోండి. చవక మీటర్ల విషయంలో ఈ పని మానకూడదని నా అభిప్రాయం.

తర్వాత ఒకే పరిమాణం గల రెండు కుండీల్లో ఒకే మట్టి నింపి, ఒకదానిలో మాత్రమే మొక్క ఉంచి, రెండింటికీ సమానంగా నీరు పోసి, వంటింటి కాటాపై ఉదయం, సాయంత్రం తూచండి. గ్రాము తరుగు అంటే మిల్లీలీటరు నీరు పోయినట్లే. మొక్క లేని కుండీ తరుగు మట్టి నుంచి ఆవిరైనది. రెంటి మధ్య తేడా సుమారుగా ఆకులు వదిలినది. తొట్టెల విషయంలోనూ, మొక్క ఉన్న బకెట్‌నూ, మొక్క లేకుండా నీరు మాత్రమే నింపి రంధ్రం మూసిన బకెట్‌నూ పక్కపక్కన ఉంచి ఇదే లెక్క వేయవచ్చు.

మట్టి నుంచి పోతున్నది ఎక్కువని తేలితే, ఎండుటాకులను లేదా కొబ్బరి పీచును అంగుళం మందాన పరచడం, కింద పళ్లెంలో నీరు పోసి అడుగు నుంచి పీల్చుకోనివ్వడం మేలు. తొట్టె నుంచి పోతుంటే మూత అంచులను చూడండి. అక్కడ తెల్లటి ఉప్పు పొర కడితే, ఎయిర్ స్టోన్ (నీటిలోకి గాలి బుడగలు వదిలే రాయి) బుడగలు చిమ్మే పోషక ద్రావణం ఆ సందుల్లోంచే బయటికి వచ్చి ఎండుతోందన్నమాట. ఆ సందులు మూస్తే వెలుతురు కూడా చొరబడదు కనుక నాచు సమస్య సైతం తగ్గుతుంది.

నీరు ఆవిరైనా లవణాలు తొట్టెలోనే మిగిలిపోతాయి. వేసవిలో ద్రావణం ఇ.సి. (విద్యుత్ వాహకత, అంటే కరిగిన లవణాల మోతాదును సూచించే కొలత) పెరుగుతుంటే పోషకాలు కలపకుండా ఒట్టి నీటితోనే మట్టం నింపాలి. తగ్గుతుంటే పోషక ద్రావణం పోయాలి. వర్షాకాలంలో సమస్య తలకిందులవుతుంది. గాలి తేమతో నిండి ఉంటే ఆకులు నీటిని వదలలేవు, నీటితోపాటు కదిలే కాల్షియం లేత ఆకులకు అందదు. లెట్యూస్ లోపలి ఆకుల అంచులు మాడేది అందుకే. అప్పుడు తొట్టెలో కాల్షియం పెంచడం కన్నా ఆకుల మధ్యకు చిన్న ఫ్యాను గాలి తగిలించడమే ఎక్కువగా పనిచేస్తుంది.

రాత్రి వేళ మరింత జాగ్రత్త అవసరం. 30 డిగ్రీల వద్ద 60 శాతం తేమ ఉన్న గాలి, కొత్తగా ఆవిరేమీ చేరకపోయినా, 24 డిగ్రీలకు చల్లబడితే సుమారు 85 శాతానికి చేరుతుంది. కాబట్టి దీపాలు ఆర్పాక కూడా ఫ్యానును తిప్పుతూనే ఉండాలి. మట్టి కుండీలకు సాయంత్రం కాకుండా ఉదయమే నీరు పోయాలి.

మే నెల మధ్యాహ్నం తెలంగాణ పొడిగాలిలో కిటికీ తెరిస్తే తేమ దిగుతుంది. జూలైలో విశాఖపట్నంలో అదే పని చేస్తే పెరిగే అవకాశమే ఎక్కువ. అక్కడ ఏసీ నడపాల్సి వస్తే, దాని గొట్టం కింద బకెట్ పెట్టి రోజుకు ఎంత నీరు చేరుతోందో కొలవండి. అది మీరు మొక్కలకు పోసిన నీటికంటే బాగా ఎక్కువైతే, ఆ అదనపు తేమ బయటి నుంచే వస్తోంది. ముందుగా తలుపు, కిటికీ సందులు మూయండి.