సల్సానా, పికాంటేనా? సీసా ఒకసారి వంచి చూడండి

అమెరికా గ్రోసరీ స్టోర్లలో చిప్స్ దగ్గర సల్సా, పికాంటే సాస్ (రెండూ టమాటా, మిరపతో చేసే మెక్సికన్ తరహా సాస్‌లే) సీసాలు పక్కపక్కనే, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఇంటికొచ్చి మూత తీస్తే ఒకటి ముక్కలతో చిక్కగా, ఇంకోటి చారులా.

కొనే ముందు సీసాను పక్కకి వంచి మళ్లీ నిలబెట్టండి. గాజు మీద టమాటా, ఉల్లి ముక్కలు అంటుకుని మెల్లగా దిగితే చిప్స్‌కి బాగుంటుంది. ఎర్రటి రసం గబగబా జారిపోతే అది వంటకి నయం: గుడ్లలో, బీన్స్‌లో, అన్నంలో ఇట్టే కలిసిపోతుంది. పికాంటే ఎక్కువగా ఈ రెండో రకమే. ధర మాత్రం సీసాది కాకుండా షెల్ఫ్ ట్యాగ్ మీద చిన్న అక్షరాల్లో ఉండే ఔన్సు ధర చూడండి. 16 ఔన్సులది, 24 ఔన్సులది పోల్చాలంటే అదే దారి.

పికాంటే చవగ్గా దొరికితే ఒక కప్పు సాస్‌లో సగం టమాటా, పావు ఉల్లిపాయ సన్నగా తరిగి, కాస్త కొత్తిమీర, నిమ్మరసం కలపండి. చిప్స్‌కి సరిపడా ముక్కలొస్తాయి. టమాటా గింజల గుజ్జు తీసేయండి, లేకపోతే ఇంకా పల్చనవుతుంది.

పచ్చి ముక్కలు కలిపింది ఫ్రిజ్‌లో పెట్టినా రెండు రోజుల్లో తినేయాలి. అందుకే సీసా మొత్తంలో కలపకండి. మైల్డ్, మీడియం, హాట్ అన్న మాటల్ని కూడా మరీ నమ్మొద్దు, ఒక్కో కంపెనీ కారం ఒక్కోలా ఉంటుంది. మన నాలుకకి కొన్ని 'హాట్'లు చప్పగానే ఉంటాయి.