మాటలు ఇంకా రాని పిల్లలతో ఫొటోల సాయంతో సంభాషించడం ఎలా?

మాటలు ఆలస్యంగా వచ్చే పిల్లల్లో చాలామందికి తమకు ఏం కావాలో బాగానే తెలుస్తుంది, దాన్ని ఎదుటివారికి తెలియజేసే దారే దొరకదు. రోజూ చూసే మనుషుల, వస్తువుల ఫొటోలు ఆ దారి చూపగలవు. ఫొటోలకు అలవాటుపడితే మాటలు రావేమోనన్న భయం తల్లిదండ్రుల్లో సహజమే అయినా, పరిశోధనలు ఆ భయాన్ని సమర్థించలేదు. కొందరు పిల్లల్లో మాటలు పెరగడం కూడా కనిపించింది.

మొదట నాలుగైదు ఫొటోలు చాలు. బిడ్డ బాగా ఇష్టపడేవాటినే ఎంచుకోవాలి. ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో ఒక బంతి బొమ్మ కన్నా, బిడ్డ ఆడుకునే బంతినే సాదా గుడ్డ మీద పెట్టి, మంచి వెలుతురులో, పక్కన మరే వస్తువూ లేకుండా తీసిన ఫొటో సులువుగా అర్థమవుతుంది. దాన్ని అరచేతి పరిమాణంలో ప్రింట్ తీయించి, లామినేషన్ చేయించి, కింద పేరు రాయాలి. బిడ్డకు చదవడం రాకపోయినా, ఇంట్లో అందరూ ఒకే మాట వాడడానికి ఆ పేరు పనికొస్తుంది. ఫొటోకూ వస్తువుకూ సంబంధం ఇంకా తెలియకపోతే, కొన్నాళ్లు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించాలి.

తర్వాత ఫొటోలను బిడ్డ చేతికి అందే ఎత్తులో, ఆ వస్తువు వాడే చోటే అంటించాలి. ముందుగా వాడవలసింది పెద్దలే: "నీళ్లు తాగుదాం" అంటూ నీళ్ల ఫొటోను వేలితో తాకాలి. ఇలా రోజంతా, సందర్భం వచ్చినప్పుడల్లా చేయాలి. రెండు ఫొటోలు చూపి ఏది కావాలో అడిగినప్పుడు, మళ్లీ అడగకుండా, మనసులో పది లెక్కపెట్టే దాకా ఆగాలి; ఈ నిరీక్షణే పెద్దలకు అన్నిటికన్నా కష్టం, బిడ్డకు అన్నిటికన్నా అవసరం. బిడ్డ ఫొటోను తాకినా, తెచ్చి ఇచ్చినా, కనీసం దానివైపు చూసినా, పేరు చెబుతూ వెంటనే ఆ వస్తువు ఇవ్వాలి. "నోటితో చెబితేనే ఇస్తాను" అనడం, "ఇదేమిటి, అదేమిటి" అని పరీక్ష పెట్టడం వల్ల బిడ్డ ఫొటోలకే దూరమవుతుంది.

"వద్దు", "అయిపోయింది" అనేవాటికి కూడా కార్డులు ఉండాలి. చేయి అడ్డంగా ఊపుతున్న ఫొటో, ఖాళీ గిన్నె ఫొటో ఇందుకు సరిపోతాయి. బిడ్డ వద్దన్నప్పుడు వీలైనంతవరకు ఆ మాట మన్నించాలి. అడిగిన వస్తువు ఆ సమయంలో లేకపోతే కార్డును దాచేయకుండా, "ఇప్పుడు లేదు" అని చెప్పి మరొకటి చూపాలి.

ఇదంతా చేస్తూనే వినికిడి పరీక్ష చేయించి, స్పీచ్ థెరపిస్టును కలవాలి. ఇంట్లో వాడుతున్న ఫొటోలను వెంట తీసుకువెళితే, తర్వాత ఏ మాటలు చేర్చాలో వారు చెప్పగలుగుతారు.