ఎండాకాలంలో బొచ్చు కుక్కని చల్లగా ఉంచడం ఎలా?

హస్కీ, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, మన ఊళ్ళల్లో అందరూ పామేరియన్ అని పిలిచే తెల్ల స్పిట్జ్, వీటన్నిటికీ రెండు పొరల బొచ్చు ఉంటుంది. ఏప్రిల్ వచ్చిందంటే చాలు, చుట్టుపక్కల వాళ్ళు ఇచ్చే సలహా ఒకటే, "గుండు కొట్టించేయండి, పాపం ఎంత ఉక్కపోస్తోందో దానికి" అని. దయచేసి ఆ పని మాత్రం చేయకండి.

కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల కింద మెత్తల్లో కాస్త పడుతుంది అంతే, దాంతో ఒళ్ళు చల్లబడేది చాలా తక్కువ. నాలుక బయటపెట్టి రొప్పినప్పుడు నోట్లో, ముక్కులో ఉన్న తడి ఆవిరై వేడి బయటికి పోతుంది, దానికున్న ముఖ్యమైన దారి అదే. చెమటే లేనప్పుడు గొరిగేసినా చెమట ఆరి చల్లబడేదేం ఉండదు కదా, పైగా ఎండ నేరుగా చర్మం మీద పడి కమిలిపోతుంది. పై పొరలో ఉండే పొడుగు వెంట్రుకలు ఎండని చర్మం దాకా రాకుండా ఆపుతాయి. మెషిన్‌తో చర్మం దాకా తీసేస్తే కొన్నిటికి నెలల తరబడి బొచ్చు రాదు, వచ్చినా అక్కడక్కడా అతుకుల్లా వస్తుంది. షిట్జు, లాసా లాంటివాటి సంగతి వేరు, వాటి వెంట్రుక పెరుగుతూనే ఉంటుంది కాబట్టి పొట్టిగా కత్తిరించొచ్చు.

స్టెప్ 1: గొరగడం కాదు, దువ్వండి

అసలు ఇబ్బంది పెట్టేది లోపలి పొరలో ఊడిపోయి బయటికి రాకుండా ఇరుక్కున్న నూగు. అది ఉంటే చర్మానికి గాలి తగలదు. అండర్‌కోట్ రేక్ (లోపలి నూగుని లాగే పొడుగు పళ్ళ దువ్వెన) ఒకటి, స్లిక్కర్ బ్రష్ (సన్నటి తీగలుండే బ్రష్) ఒకటి కొనండి, పెట్ షాపుల్లో దొరుకుతాయి. ముందు రేక్‌తో వెంట్రుక వాలు వైపే, నొక్కకుండా లాగాలి, తర్వాత బ్రష్. వీపు మీద పైపైన నాలుగు సార్లు దువ్వి అయిపోయిందనుకుంటారు చాలామంది, కానీ నూగు ఎక్కువగా ఉండేది తొడల వెనక, మెడ చుట్టూ, తోక మొదట్లో, చెవుల వెనక ముడులు కూడా కడతాయి. బొచ్చు రాలే రోజుల్లో రోజూ దువ్వాలి, మిగతా రోజుల్లో వారానికి రెండు మూడు సార్లు చాలు. దువ్వుతూనే పిడుదులు ఉన్నాయేమో చెవుల లోపల, కాలి వేళ్ళ మధ్య చూసేయండి, వేడిలో అవి బాగా పెరుగుతాయి, వాటివల్ల వచ్చే టిక్ ఫీవర్ ప్రాణాల మీదకి తెస్తుంది. పాదాల కింద మెత్తల మధ్య పెరిగిన వెంట్రుకలు కత్తిరించడం మంచిదే.

స్నానం ఎప్పుడూ దువ్విన తర్వాతే, ముడులు తడిస్తే ఇంకా బిగుసుకుపోతాయి. స్నానం అయ్యాక వేళ్ళు లోపలికి పెట్టి చూసి చర్మం దాకా ఆరిందా లేదా చూడాలి, లోపల తడి మిగిలితే పుండ్లు వస్తాయి.

స్టెప్ 2: పడుకునే చోటు

రేకుల షెడ్డులో, డాబా మీద అస్సలు కట్టకండి. ఇంట్లో తాండూరు బండలో కడప బండలో పరిచిన చల్లటి గది ఉంటే అక్కడికి అదే వెళ్ళి పొట్ట ఆనించి పడుకుంటుంది, తలుపు తెరిచి ఉంచితే చాలు. బయట ఉండక తప్పదంటే తాటాకు పందిరి వేయండి, నాలుగు వైపులా గాలి ఆడాలి.

కూలర్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. రామగుండం వైపు, రాయలసీమలో పొడి ఎండ కాబట్టి కూలర్, కిటికీకి తడిపిన వట్టివేళ్ళ తడిక బాగా పనిచేస్తాయి. అదే విశాఖ, కాకినాడ లాంటి చోట్ల గాలిలో ముందే తేమ ఎక్కువ, మూసిన గదిలో కూలర్ పెడితే ఇంకా పెరుగుతుంది, అప్పుడు కుక్క ఎంత రొప్పినా నోట్లో తడి ఆవిరవ్వదు. టెంపరేచర్ 35 చూపించినా సముద్రం పక్క ఊళ్ళల్లో కుక్కలు అవస్థ పడేది అందుకే. అక్కడ ఏసీ ఉంటే మంచిది, లేదంటే పొట్ట, తొడల లోపలి భాగం, పాదాలు నీళ్ళతో తడిపి ఫ్యాన్ కింద ఉంచండి. వీపు మీద పోసిన నీళ్ళు ఆ బొచ్చు దాటి చర్మం దాకా వెళ్ళవు, ఒట్టి ఫ్యాన్ గాలి మనకి ఇచ్చినంత హాయి దానికి ఇవ్వదు.

స్టెప్ 3: నీళ్ళు, తిండి

ఇంట్లో రెండు మూడు చోట్ల నీళ్ళు పెట్టండి, మట్టి తొట్టి అయితే చల్లగా ఉంటాయి. మామూలు రోజుల్లో కిలో బరువుకి సుమారు 50 మి.లీ. తాగుతుంది, ఎండల్లో ఇంకా ఎక్కువ. తిండి పొద్దున్నే ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి. ఉప్పు వేయని పల్చటి మజ్జిగ, కీరా ముక్కలు, గింజలు తీసిన పుచ్చకాయ కొంచెం కొంచెం పెట్టొచ్చు. ఉల్లిపాయ ముక్కలేసిన పెరుగన్నం మిగిలిందని పెట్టకండి, ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కలకి విషం. బరువు ఎక్కువున్న కుక్కకి వేడి ఇంకా కష్టం, అందుకని తిండి కొలత చూసుకోండి.

స్టెప్ 4: వాకింగ్

ఎండ ఎక్కకముందే, మళ్ళీ రోడ్డు చల్లారాకే. అరచేతి వెనక వైపు రోడ్డు మీద 7 సెకన్లు ఆనించి చూడండి, మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ కాలతాయి. రోహిణి కార్తెలో సాయంత్రం ఆరింటికి కూడా తారు సెగలు కక్కుతూనే ఉంటుంది. నోరు బిగించే మజిల్ వేయకండి, రొప్పలేదు. కారులో ఐదు నిమిషాలే కదా అని వదిలి వెళ్ళొద్దు, పది నిమిషాల్లో లోపల సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది.

వడదెబ్బ తగిలితే

ఆగకుండా రొప్పడం, చిక్కటి జొల్లు, చిగుళ్ళు బాగా ఎర్రబడటం, తూలడం, వాంతులు, ఇవి చూస్తే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయొద్దు. కుక్కకి మామూలు టెంపరేచర్ 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్, 104 దాటితే ప్రమాదం. వెంటనే నీడలోకి తీసుకెళ్ళి ఒంటి మీద, బొచ్చు విడదీసి చర్మానికి తగిలేలా నీళ్ళు పోస్తూనే ఉండండి, ఫ్యాన్ పెట్టండి. తడి టవల్ కప్పి వదిలేయకండి, అది కాసేపటికి వేడెక్కి లోపలి వేడిని పోనివ్వదు. తెలివిలో లేకపోతే నోట్లో నీళ్ళు పోయొద్దు. పారాసెటమాల్ లాంటి మన జ్వరం మాత్రలు అస్సలు వేయొద్దు, ఇది జ్వరం కాదు, అవి పనిచేయవు సరికదా కాలేయం పాడవుతుంది. ముందు చల్లబరచడం మొదలుపెట్టి, దారిలో కూడా తడుపుతూ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, 103కి రాగానే నీళ్ళు పోయడం ఆపేయండి. లేచి తిరుగుతోంది కదా అని ఇంట్లో ఉంచేయొద్దు, కిడ్నీలు దెబ్బతినడం, రక్తం గడ్డకట్టకపోవడం లాంటివి ఒకట్రెండు రోజుల తర్వాత కూడా బయటపడొచ్చు, అందుకని రక్త పరీక్ష చేయించాల్సిందే.