85, 135, 70-200తో కన్ను షార్ప్‌గా రావట్లేదా? లెన్స్‌ని తిట్టే ముందు ఇవి చూడండి

పెళ్లిళ్ల సీజన్ మొదలైతే చాలు, నాకు ఒకటే రకం ఫోన్లు. "అన్నా, కొత్తగా 85 ఎఫ్ 1.8 తీసుకున్నా, అన్నీ సాఫ్ట్‌గా వస్తున్నాయి, పీస్ తేడా అంటావా?" ఇంకొకడు సెకండ్ హ్యాండ్‌లో 70-200 కొని వారం తిరక్కుండానే అమ్మేస్తానంటాడు. నేను అడిగేది ఒకటే, లెన్స్ ముందు బిగించే గాజు ఫిల్టర్ ఉందా? "ఉందన్నా, షాపులో లెన్స్‌తో పాటే వేసిచ్చారు." తీసి చూశావా? అటునుంచి సౌండ్ ఉండదు.

ఫిల్టర్ సంగతి కాసేపాగి చెప్తా, అదే పెద్ద కథ. ముందు మామూలు కారణాలు పక్కన పెట్టేద్దాం. అపర్చర్, షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ అంటే ఏంటో మీకు తెలుసనే అనుకుని రాస్తున్నా. 85, 135, 70-200 అన్నవి లెన్స్ ఫోకల్ లెంగ్త్, మిల్లీమీటర్లలో.

అన్నిటికన్నా ముందు ఫొటోని సిస్టమ్‌లో వంద శాతం జూమ్ చేసి చూడండి. ఫోన్‌కి పంపించుకుని కాదు, వాట్సాప్‌లో వచ్చింది అసలే కాదు. "సాఫ్ట్‌గా ఉంది" అంటే డాక్టర్ దగ్గరికెళ్లి "ఒంట్లో బాలేదు" అన్నట్టే, దాంతో ఏ మందూ ఇవ్వలేరు. ఎక్కడ షార్ప్‌గా ఉంది? చెవా, ముక్కా, వెనకాల కూర్చున్న బాబాయి చొక్కానా? లేకపోతే ఎక్కడా లేదా? జవాబుని బట్టే కారణం.

కన్ను పోయింది, కణత మాత్రం భలే షార్ప్

మధ్య పాయింట్‌తో కన్ను మీద ఫోకస్ పట్టి, హాఫ్ ప్రెస్‌లోనే ఉంచి కెమెరా పక్కకి తిప్పి ఫ్రేమ్ సరిచేసుకుని క్లిక్ చేస్తున్నారు, అంతే. కెమెరాతో పాటు వచ్చే 18-55తో అలవాటైన పని ఇది, అక్కడ చెల్లింది, ఇక్కడ చెల్లదు. లెక్క చూడండి: ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న కెమెరా) మీద 85తో ఎఫ్ 1.8 దగ్గర మనిషి మీటరున్నర దూరంలో ఉంటే షార్ప్‌గా వచ్చే లోతు మొత్తం కలిపి 3 సెంటీమీటర్ల పైచిలుకు, అంటే ఫోకస్ పట్టిన చోటికి ముందు ఒకటిన్నర, వెనక ఒకటిన్నర సెంటీమీటరు. మీరు కెమెరాని పది డిగ్రీలు తిప్పితే ఫోకస్ తలం కన్ను దాటి దాదాపు 2.3 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. ఇంకేముంది, కణతలు షార్ప్, కన్ను గాయబ్.

పాయింట్‌ని కన్ను మీదకి జరపండి. కెనాన్ 1500డి లాంటి బాడీల్లో ఉండే తొమ్మిది పాయింట్లలో మధ్యది ఒక్కటే క్రాస్ టైపు (అడ్డగీతల్నీ నిలువుగీతల్నీ రెండిట్నీ పట్టేది), తక్కువ లైటులో పక్క పాయింట్లు తడుముకుంటాయి నిజమే. అప్పుడు మధ్య పాయింట్‌తోనే కాస్త వదులుగా తీసి తర్వాత క్రాప్ చేసుకోండి, తిప్పడం మాత్రం మానెయ్యండి.

ఒక్కో ఫొటోలో ఒక్కోలా: ఓసారి ముక్కు, ఓసారి జుట్టు, ఓసారి కరెక్ట్

ఇది లెన్స్ కాదు, మీరే ఊగుతున్నారు. ఫోకస్ లాక్ అయ్యాక క్లిక్ చేసేలోపు మనిషి ముందుకీ వెనక్కీ రెండు సెంటీమీటర్లు కదలడం మామూలే, పొద్దున్నుంచి నిలబడి ఉంటే ఇంకా ఎక్కువ, పైగా అవతల పెళ్లికూతురు కూడా నవ్వుతూ ముందుకి వంగుతుంది. ఏఐ సర్వో పెట్టండి (కదులుతున్నా ఫోకస్ వదలకుండా పట్టే మోడ్, నికాన్, సోనీలో ఏఎఫ్-సి), వరసగా మూడు నాలుగు తియ్యండి, ఒకటైనా దొరుకుతుంది. మిర్రర్‌లెస్ వాళ్లకి ఐ ఏఎఫ్ (కన్నుని తానే వెతికి పట్టే ఫోకస్) ఉందిగా అంటారు, ఉంది, చాలా బాగుంది కూడా, కానీ తల వంచినప్పుడు అది పాపిటబిళ్ల మీదో బాసికం మీదో కూర్చుంటుంది, కళ్లజోడు ఉంటే ఫ్రేమ్ మీద. కాబట్టి జూమ్ చేసి చూసుకోవడం తప్పదు.

అంతా ఒకే వైపు సాగినట్టుంది

షట్టర్ స్పీడ్. 200 దగ్గర 1/250 కన్నా కిందకి దిగకండి, తలంబ్రాలప్పుడు 1/500 ఉండాలి. స్టెబిలైజేషన్ ఉంది కదా అని 1/60లో తీసేవాళ్లకి ఒకటే మాట, అది మీ చేతి వణుకుని ఆపుతుంది, పెళ్లికొడుకు తలని ఆపదు. ఐఎస్ఓ పెంచండి, గ్రెయిన్‌ని ఎడిటింగ్‌లో తగ్గించుకోవచ్చు, సాగిపోయిన కన్నుని ఎవడూ బాగుచెయ్యలేడు.

ప్రతిసారీ ఒకే తేడా, ఎప్పుడు తీసినా వెనకే, లేదా ఎప్పుడు తీసినా ముందే

డీఎస్ఎల్ఆర్ అయితే ట్రైపాడ్ మీద పెట్టి ఒకే సీన్‌ని వ్యూ ఫైండర్‌తో ఐదుసార్లు, లైవ్ వ్యూతో ఐదుసార్లు తియ్యండి, ప్రతిసారీ ఫోకస్ చెదరగొట్టి మళ్లీ పట్టాలి. లైవ్ వ్యూలో సెన్సర్ తానే ఫోకస్ చూసుకుంటుంది, వ్యూ ఫైండర్‌లో కింద వేరే సెన్సర్ చూస్తుంది. లైవ్ వ్యూవి బాగుండి వ్యూ ఫైండర్‌వి మాత్రం తప్పితే మైక్రో అడ్జస్ట్‌మెంట్ (ఫోకస్‌ని కాస్త ముందుకో వెనక్కో జరిపే మెనూ సెట్టింగ్) చేసుకోండి, కెనాన్‌లో, నికాన్‌లో రెండిట్లోనూ మైనస్ 20 నుంచి ప్లస్ 20 దాకా ఉంటుంది. కెనాన్ 5డి మార్క్ 3 లాంటి వాటిల్లో జూమ్‌కి రెండు చివర్లా విడివిడిగా పెట్టుకోవచ్చు. కెనాన్ 1500డి, 200డి, నికాన్ డి5600లో ఈ సదుపాయం లేదు, సర్వీస్‌కి ఇవ్వాల్సిందే. లైవ్ వ్యూవి కూడా సాఫ్ట్‌గానే ఉంటే? అప్పుడు ఈ అడ్జస్ట్‌మెంట్ జోలికే పోవద్దు, కింద చదవండి.

ఎక్కడా షార్ప్‌గా లేదు, పాలపొర కప్పినట్టుంది, ఎఫ్ 8కి తెస్తే మాత్రం బ్రహ్మాండం

నన్ను ముంచింది ఇదే. కొన్నేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో 70-200 ఎఫ్ 2.8 తీసుకున్నా, లెన్స్ మీద అంత పోశాక ముందు అద్దానికి గీత పడితే ఎలా అని భయపడి నాలుగొందలు పెట్టి 77 ఎంఎం యూవీ ఫిల్టర్ బిగించా. 70 దగ్గర బానే ఉంది, 200 దగ్గర ఎఫ్ 2.8లో తీస్తే మొహం మీద ఏదో మసక, ఎఫ్ 8లో అద్దంలా ఉంది. అందరూ ఒకటే మాట, "ఫాస్ట్ లెన్స్ అంటే వైడ్ ఓపెన్‌లో, అపర్చర్ పూర్తిగా తెరిస్తే, కొంచెం సాఫ్ట్‌గానే ఉంటుంది బ్రో." నమ్మా. నమ్మి రాత్రిళ్లు అగ్గిపెట్టెలు వరసగా పేర్చి మైక్రో అడ్జస్ట్‌మెంట్ చేసుకుంటూ కూర్చున్నా, ఒకరోజు ప్లస్ 12 బాగుందనిపించేది, ఇంకోరోజు మైనస్ 4.

విసుగొచ్చి సర్వీస్ సెంటర్‌కి పంపించా. రెండు వారాల తర్వాత "ఏ లోపమూ లేదు" అని కాగితం పెట్టి తిరిగిచ్చారు. వాళ్లని తిట్టుకున్నా, పనోళ్లు కాదని, చూడకుండానే ఇచ్చేశారని. అసలు జరిగిందేంటంటే ఫిల్టర్ లాంటివి పంపొద్దు అన్నారని నేనే దాన్ని ఊడదీసి ఇంట్లో పెట్టి పంపా, వాళ్లు టెస్ట్ చేసింది ఫిల్టర్ లేని లెన్స్‌ని, వచ్చిన వెంటనే నా చేత్తో నేనే మళ్లీ బిగించా! ఆ మధ్యలో ఒక పెళ్లి ఆల్బమ్‌లో పెళ్లికూతురు వాళ్ల అమ్మగారి క్లోజప్ చూసి ఆ ఇంటివాళ్లు "ఈమె మొహం ఇలా అలికేసినట్టు ఉందేంటి బాబూ" అని అడిగారు, నా దగ్గర సమాధానం లేదు.

చివరికి ఎలా దొరికిందంటే, ఒక పెళ్లిలో గుమ్మం దగ్గర పన్నీరు చల్లుతున్న పాప సరిగ్గా నా లెన్స్ మీద చల్లింది. తుడిచే టైం లేదు, ఫిల్టర్ ఊడదీసి జేబులో వేసుకుని పని కానిచ్చేశా. రాత్రి సిస్టమ్‌లో వేస్తే పన్నీరుకి ముందు ఫొటోలు ఒక లోకం, తర్వాత ఫొటోలు ఇంకో లోకం. కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు.

ఇదే ఫిల్టర్ వైడ్ లెన్స్ మీద ఎందుకు ఏమీ చెయ్యదు? ఇది అర్థమైతే మళ్లీ మోసపోరు. ఒక కనురెప్ప కొస నుంచి వచ్చే వెలుగు లెన్స్‌లోకి ఒక సన్నటి గీతలా వెళ్లదు, ఒక కట్టలా వెళ్తుంది, ఆ కట్ట వెడల్పు ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబర్‌తో భాగిస్తే వస్తుంది. 24 ఎంఎం ఎఫ్ 4 దగ్గర 6 మిల్లీమీటర్లు. 85 ఎఫ్ 1.8కి 47. 135 ఎఫ్ 2కి 67. 200 ఎఫ్ 2.8కి 71, అంటే దాదాపు ఫిల్టర్ మొత్తం. అద్దం ఎగుడుదిగుడుగా ఉంటే 6 మిల్లీమీటర్ల ముక్కలో ఏం తెలుస్తుంది? 71లో ఆ వంకరలన్నీ కలిసి ఒక్క చుక్కని చెదరగొడతాయి. పాత ఇళ్ల కిటికీ అద్దంలోంచి చూస్తే కరెంట్ స్తంభం మెలికలు తిరిగినట్టు కనపడుతుంది కదా, అదే పని, చాలా చిన్న మోతాదులో. ఎఫ్ 8కి వస్తే 200 దగ్గర కూడా కట్ట 25 మిల్లీమీటర్లకి తగ్గిపోతుంది, షార్ప్ అయిపోతుంది, మనమేమో "చూశావా, లెన్సే వైడ్ ఓపెన్‌లో సాఫ్ట్" అని తేల్చేస్తాం. దొంగతనం చేసింది ఒకడు, కేసు ఇంకొకడి మీద.

చూడ్డం ఐదు నిమిషాల పని. న్యూస్‌పేపర్‌ని గోడకి అంటించి నాలుగు మీటర్ల దూరంలో ట్రైపాడ్, లెన్స్ పూర్తి జూమ్‌లో, పూర్తి అపర్చర్‌లో. స్టెబిలైజేషన్ ఆఫ్. లైవ్ వ్యూలో పది రెట్లు పెద్దది చేసి చేత్తో ఫోకస్ పట్టి, రెండు సెకన్ల టైమర్‌తో తియ్యండి. ఫిల్టర్ తీసి, మళ్లీ ఫోకస్ పట్టి (ఇది మర్చిపోతే టెస్టే దండగ), మళ్లీ తియ్యండి. రెండూ పక్కపక్కన పెడితే ఎవరూ చెప్పక్కర్లేదు. ట్రైపాడ్ లేకపోతే ఇంకో తేలిక పద్ధతి: ఫిల్టర్‌ని ట్యూబ్‌లైట్ కింద అడ్డంగా పట్టుకుని అందులో లైటు ప్రతిబింబం చూస్తూ మెల్లగా వంచండి. గీత తిన్నగా జరిగితే పర్లేదు, పాములా మెలికలు తిరిగితే దాన్ని పక్కన పడెయ్యండి. ప్రతిబింబం తెల్లగా మెరిసిపోతుంటే కోటింగ్ కూడా లేనట్టే, మంచివాటిలో మసక ఆకుపచ్చో ఊదానో కనపడుతుంది. రాత్రి మండపంలో సీరియల్ లైట్లకి ఫ్రేమ్ అవతలి పక్కన తలకిందులుగా దెయ్యాల్లా నీడ లైట్లు వస్తున్నాయంటే అది కూడా ఎక్కువగా దీని పనే, సెన్సర్ మీద పడి వెనక్కొచ్చిన వెలుగు ఫిల్టర్‌కి కొట్టుకుని మళ్లీ లోపలికొస్తుంది.

మరి అద్దానికి కాపలా? హుడ్ (లెన్స్ ముందు తగిలించే గొట్టం) వెయ్యండి. బ్యాగ్‌లో తిరగేసి పెట్టుకోవడానికి కాదు అది ఇచ్చింది. హల్దీలో పసుపు నీళ్లు పడేచోట, బీచ్‌లో ఉప్పుగాలికి ఫిల్టర్ కావాలి, కాదనను, మల్టీ కోటింగ్ ఉన్న మంచిది కొనండి, కొన్నాక దాన్ని కూడా న్యూస్‌పేపర్ ముందు నిలబెట్టండి. ఏళ్ల తరబడి బిగుసుకుపోయి రావట్లేదా, వేళ్లతో అంచులు గట్టిగా నొక్కి తిప్పకండి, రింగు నొక్కుకుని ఇంకా బిగుస్తుంది. శుభ్రంగా కడిగిన రబ్బరు చెప్పు అడుగు వైపు రింగు మీద తిన్నగా ఆనించి తిప్పండి, వచ్చేస్తుంది. ఆ నాలుగొందల ఫిల్టర్ నా బ్యాగ్‌లోనే ఉంది, వచ్చినోళ్లకి ట్యూబ్‌లైట్ కింద పెట్టి చూపించడానికి.

ఫోకస్ అసలు పట్టట్లేదు, ముందుకీ వెనక్కీ కొట్టుకుంటోంది

లెన్స్ పక్కనుండే ఫోకస్ లిమిట్ స్విచ్ చూడండి. కెనాన్ 70-200 ఎఫ్ 2.8 ఐఎస్ మీద 2.5 మీటర్ల లిమిట్ ఉంటుంది, 135 ఎఫ్ 2 మీద 1.6 మీటర్లు, అక్కడ పెట్టి దగ్గరగా వెళ్తే పట్టదు. బ్యాగ్‌లో రాసుకుని అదే జరిగిపోతుంది. స్విచ్ సరిగ్గానే ఉంటే మరీ దగ్గరికెళ్లారేమో, కెనాన్ 85 ఎఫ్ 1.8కి 85 సెంటీమీటర్లు, నికాన్ 85 ఎఫ్ 1.8జికి 80, అంతకన్నా ముందుకెళ్తే ఏ లెన్సూ ఒప్పుకోదు.

మిగతావి అరుదు. మిట్టమధ్యాహ్నం ఇసుక మీద, తారు రోడ్డు మీద పది మీటర్ల నుంచి 200తో తీస్తే వేడిగాలి అలలకి మొహం కరిగినట్టు వస్తుంది, పొద్దున్నే తియ్యండి. ఏసీ కార్లోంచి దిగ్గానే తీస్తే అద్దం మీద ఆవిరి, పావుగంట ఆగండి. బోకే బంతులు (వెనక మసకగా వచ్చే గుండ్రటి లైట్లు) సగం కోసేసినట్టుంటే మిర్రర్‌లెస్‌లో ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ ఆపి మెకానికల్ షట్టర్ పెట్టండి, బాగా ఎక్కువ షట్టర్ స్పీడ్‌లో వైడ్ ఓపెన్‌లో తీసినప్పుడు వస్తుంది ఇది. మల్లెపూల అంచుల్లో ఊదారంగు గీత వస్తే ఎఫ్ 2.8కి దిగండి. పాత నికాన్ 105, 135 డీసీ (మసకని కావాలని మార్చుకునే రింగు ఉన్న) లెన్సులైతే ఆ డీసీ రింగు సున్నాలో ఉందో లేదో చూడండి.

ఇంకా కొననివాళ్లకి. ముందు మీ గది కొలవండి. కెమెరా నిలువుగా పట్టుకుని మనిషి నిలువెత్తు, అంటే రెండు మీటర్లు ఫ్రేమ్‌లో పట్టాలంటే ఫుల్ ఫ్రేమ్ మీద 85తో దాదాపు 4.7 మీటర్లు వెనక్కి జరగాలి, 135తో ఏడున్నర, 200తో 11. పన్నెండడుగుల గది అంటే 3.6 మీటర్లే. క్రాప్ బాడీ (చిన్న సెన్సర్ ఉన్న కెమెరా) మీద అదే 85కి కూడా ఏడున్నర మీటర్లు కావాలి, అందుకే 1500డి, 200డి వాళ్లు ఇంట్లో తియ్యడానికి ముందు 50 ఎఫ్ 1.8 తీసుకోండి, 85 తర్వాత. 135 ఆరుబయటకి అద్భుతం, కల్యాణ మండపంలో జనం మధ్య చిరాకు. పెళ్లిళ్లే బతుకైతే మెడ నొప్పికి సిద్ధపడి 70-200 ఎఫ్ 2.8.

సెకండ్ హ్యాండ్ అయితే ఫోన్ టార్చ్‌ని వెనక నుంచి వేసి ముందు నుంచి చూడండి, సాలీడు గూడులా దారాలుంటే ఫంగస్, సముద్రం పక్క ఊళ్ల నుంచి వచ్చే లెన్సుల్లో బాగా చూడాలి. టెస్ట్ ఫొటో తీసే ముందు అమ్మేవాడి ఫిల్టర్ తీసెయ్యమనండి. రావట్లేదు అంటే రబ్బరు చెప్పు మీ కాళ్లకే ఉంటుంది.