చిక్కమగళూరు బయలుదేరే ముందు

మన పాలమూరు ఎండకు అలవాటుపడ్డ ఒళ్ళు కదా, ముందు స్వెటర్లు సర్దుకోండి. కర్ణాటకలోని ఈ చిక్కమగళూరు కొండల్లో ముళ్ళయ్యనగిరి శిఖరం 1,900 మీటర్లకు పైనే ఉంటుంది, పొద్దున్నే గాలి గట్టిగా కొడుతుంది.

వానాకాలమైతే జలగల సంగతి మరిచిపోవద్దు. తోటల గడ్డిలో నల్ల దారప్పోగులా ఉంటాయి. సాక్సులోకి దూరినా తెలియదు, నెత్తురు కనిపించాకే చూస్తాం. పట్టి లాగకండి. గోటితో పక్కకు నెట్టండి, ఊడాక సబ్బుతో కడగండి.

తోటలో కాఫీ పండ్లు తెంపవద్దు. కోతల రోజుల్లో ఆరబోసిన గింజల మీద అడుగు అసలే పెట్టకండి. మన కళ్ళంలో వడ్ల మీద ఎవరైనా చెప్పులతో నడిస్తే మనకెలా ఉంటుంది?

బేలూరు, హళేబీడుకు పొద్దున్నే వెళ్ళండి. గుళ్ళోకి చెప్పులు లేకుండానే పోవాలి, మధ్యాహ్నం బండలు కాలుతాయి. పిల్లల్ని శిల్పాల మీద చెయ్యి వేయనివ్వకండి. బేలూరులోది 1117లో హొయసల రాజు విష్ణువర్ధనుడు మొదలుపెట్టించిన చెన్నకేశవాలయం. అక్కడ మన రామప్పలోలాగే పైన స్తంభాలకు ఆనుకుని నిలబడ్డ మదనికలను, అంటే అందగత్తెల శిల్పాలను, నిదానంగా తలెత్తి చూడండి.

ఘాట్ రోడ్డుకు వాంతి మాత్రలు, ఫుల్ ట్యాంక్. కొండల్లో సిగ్నల్ పోతుంది, కాబట్టి కొన్ని నోట్లు చేతిలో ఉంచుకోండి.